కుక్కకు ఛత్రి

ఆ కాలంలో మా మెట్‌పల్లికి మిలిటరీ వాడు సెలవు మీద వచ్చాడంటే ఊళ్లోకి సినిమా వచ్చినట్టే. టికెట్ లేదు, అంతే తేడా. ఆయన చెప్పిందల్లా నోరు తెరుచుకుని వినడమే మా పని. (ఇప్పటి పిల్లలు ఏ మాటనైనా ఫోనులో చూసి నిమిషంలో తేల్చేస్తారు. నమ్మడంలో ఉన్న సుఖం వాళ్లకేం తెలుసు పాపం!) ఏడో తరగతి చదివే నేను లెక్కల్లో ఎలా ఉన్నా, నమ్మడంలో మాత్రం బడికే ఫస్టు.

మేం అమ్మను అవ్వ అనీ, నాన్నను బాపు అనీ పిలిచేవాళ్లం. మా అవ్వ తమ్ముడు, అదే మా మిలిటరీ మామ, పెళ్లి కోసం సెలవు పెట్టి మా ఇంట్లో దిగాడు. ధర్మపురిలో పిల్లను చూసి వచ్చిన దగ్గర్నుంచి మనిషికి అన్నం మీద ధ్యాస లేదు. మాట ఖాయం చేసుకోవడానికి పిల్ల తండ్రి మా ఇంటికి వచ్చాడు. చాయ్ తాగుతూ, "మీ పల్టన్ల ఏం జేస్తరు పిలగా?" అని అడిగాడు. మామ ఛాతీ విరుచుకుని, "మాది మామూలు పల్టన్ కాదు. మా దగ్గర కుక్కలు సుత విమానంలకెల్లి ఛత్రితోని దుంకుతయి" అన్నాడు.

పెద్దాయన కప్పు కింద పెట్టాడు. "కుక్క ఛత్రి ఎట్ల వట్టుకుంటది? నోట్లెనా?"

పల్టన్‌లో పారాచూట్‌ను కూడా ఛత్రి అనే అంటారట. మాకేమో ఛత్రి అంటే వానకు పట్టుకునేది ఒక్కటే. ఆ సంగతి విప్పి చెబితే పోయేది. మామ గాభరాపడి, "గా ఛత్రి కాదు మామా, గింత పెద్దది!" అని రెండు చేతులూ చాపాడు. "గిన్ని అబద్ధాలాడెటోనికి పిల్లనెట్లియ్యాలె? పొద్దుగాల బస్సెక్కేముందు ఏదో ఒకటి చెప్పిపోత" అని పెద్దాయన చుట్టాలింటికి వెళ్లిపోయాడు. మామ మంచమెక్కి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

కుక్క ఛత్రితో దుంకడం పెద్దాయన కళ్లారా చూస్తే చాలనుకున్నాను. తెల్లారగానే బాపు ఛత్రినీ, మా కుక్క మోతీనీ చంకన పెట్టుకుని ప్రహరీ గోడెక్కాను. ఛత్రిని తువ్వాలతో దాని నడుముకు కట్టబోతే అది హాయిగా గోడ మీదే పడుకుంది. "జర దుంకవే మోతీ, మామ పెండ్లి నీ చేతుల్నే ఉన్నది" అని బతిమాలాను. అది నా మొహం నాకింది. సరే, చూపిస్తే నేర్చుకుంటుందని ఛత్రి విప్పి నేనే దుంకాను. ఛత్రి తిరగబడింది. నేను కింద పరిచిన గడ్డిని తప్పించుకుని పక్కనున్న పెంటకుప్పలో పడ్డాను. మోతీ కుయ్యోమంటూ నా మీదికి దుంకింది, ఛత్రి లేకుండానే.

తలెత్తితే వాకిట్లో చేతిసంచితో పెద్దాయన. "ఏందే పోరి గిది?"

"మా మామ అబద్ధమాడలే తాతా. మా మోతీకే దుంకరాదు" అని గొల్లుమన్నాను.

ఆయన తల రుమాలు జారేదాకా నవ్వాడు. తర్వాత మా అవ్వను పిలిచి, "చాయ్ వెట్టు చెల్లె. కుక్కల సంగతి నాకెర్కలే గని, మీ తమ్ముని మాటకు గోడ దుంకే పిల్లున్నదీ ఇంట్ల. నా బిడ్డకేం ఫికర్ లేదు" అన్నాడు.

పెళ్లయ్యాక మామ ఫోటో పంపాడు. ఛాతీకి పట్టీలు కట్టుకున్న కుక్క, వెనక పరిచిన పారాచూట్. పెద్దాయన దాన్ని పటం కట్టించి దేవుళ్ల పక్కన పెట్టాడు.

ఇప్పుడు నేనూ ఏ మాటనైనా రెండుసార్లు ఆరా తీసే మనిషినయ్యాను. కానీ వానలో ఛత్రి విప్పినప్పుడల్లా ఆ గోడ మీది పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది, కాస్త ఈర్ష్య కూడా కలుగుతుంది. ఇవాళ ఎవరి మాట నమ్మి గోడ దుంకాలన్నా, ముందు మోకాళ్లను అడగాలి.