పళ్ళెంలో మర్రిచుట్టం

చిట్టెమ్మ ఎవరినీ నమ్మదు. జాలరిపేటలో పుట్టి, ఒళ్ళు వంగేదాకా గంప నెత్తిన పెట్టుకుని చేపలమ్మిన మనిషి నమ్మితే ఏం బతుకుతుంది? నిన్నటి చేపని మంచు కింద దాచి ఇవాళ్టిదని అంటగట్టే పడవోడినీ, మొప్ప ఎత్తి చూసి కూడా పాచిదని వంక పెట్టే బేరగత్తెనీ ఒకే కంటితో చూసింది. మోకాళ్ళు అరిగాక గోపాలపట్నంలో కొడుకు తాతబాబు అద్దెకుంటున్న వాటాలోకి వచ్చి పడింది. గంపయితే దింపింది గానీ ఆ కన్ను దింపలేదు.

అలాంటి ఇంటికి కోడలు శ్రీవల్లి ఒక చెట్టు తెచ్చింది. చెట్టంటే ఎంత, జానెడు. పళ్ళెం లాంటి మట్టిపాత్రలో చారెడు మట్టి, అందులో ముడుచుకు కూర్చున్న మొక్క. కొమ్మలకి తీగ చుట్టి ఉంది.

"ఏటే ఇది?"

"ఫైకస్ అత్తా. మర్రికి సుట్టం. బోన్సాయ్ సేద్దామని తెచ్చేను. వేర్లూ కొసలూ కత్తిరిస్తా ఉంటే ఎన్నేళ్ళయినా ఇంతే ఉంటాది."

"మర్రికి సుట్టమయితే పళ్ళెంలో ఏల కూకుంది? ఆ తీగేటి?"

"కొమ్మ వంపు తిరగడానికి."

"నీ కాలికి సుట్టి సూడు, తిరుగుతాదేమో."

శ్రీవల్లి నవ్వేసి, మొక్కని కిటికీ పక్కన పెట్టింది. "నువ్వు మాత్రం దీన్ని ముట్టుకోకత్తా. నీళ్ళు నానే పోత్తాను."

ముట్టుకోకు అన్న మాట దగ్గరే చిట్టెమ్మకి అనుమానం పుట్టింది. అప్పట్నుంచి కనిపెట్టి చూసింది. కోడలు మట్టిలో వేలు పెడుతుంది, తడిగా ఉందంటుంది, నీళ్ళు పొయ్యకుండా ఆఫీసుకి పోతుంది. ఇదీ సంగతి. కడుపు మాడ్చి పొట్టిగా ఉంచుతోంది. ఇంటికొచ్చిన ప్రాణానికి తిండి పెట్టకపోవడం చిట్టెమ్మ వంశంలో లేదు.

జాలరిపేటలో ఆమె గడప పక్క కరివేపచెట్టు చేపలు కడిగిన నీళ్ళు తాగే ఇంటికప్పుని దాటి పెరిగింది. ఇక్కడా అదే చేసింది. కోడలు షిప్పింగ్ ఆఫీసుకి వెళ్ళగానే, చేపలు కడిగిన నీళ్ళు గ్లాసుడు తెచ్చి మొక్కకి పోసేది. కొత్త ఆకులు నూనె రాసినట్టు మెరుస్తూ వచ్చాయి.

"సూసేవా అత్తా, నా సెయ్యి మంచిది," అంది శ్రీవల్లి.

"అవును మరి, నీ సెయ్యే," అంది చిట్టెమ్మ.

ఎండలు ముదిరాయి. సముద్రంలో వేట ఆపేశారు. ఏటా చేపలు గుడ్లు పెట్టే కాలంలో ఆపుతారు, పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి. పచ్చిచేప లేక చిట్టెమ్మ ఎండునెత్తళ్ళు, ఆ వేలెడేసి ఎండుచేపలు, నానబెట్టి వండటం మొదలెట్టింది. ఆ నీళ్ళూ చేప నీళ్ళే కదా అని మొక్కకే పోసింది.

ఆకులు పసుపెక్కి రాలడం మొదలైంది. చిట్టెమ్మ కన్ను ముందు పక్కవాటావాళ్ళ మీద పడింది. తరవాత మొక్క అమ్మినోడి మీద పడింది. చివరికి ఇల్లు తుడిచే ధనలక్ష్మి దగ్గర ఆగింది. ఆ పిల్ల ఫినాయిలు బకెట్ పట్టుకుని కిటికీ దగ్గర నిలబడటం చూసింది. వంపడం చూడలేదు. కోడలికి మాత్రం వంపినట్టే చెప్పింది.

"నాను పొయ్యలేదమ్మా," అంది ధనలక్ష్మి. "మీరు మానిపిస్తే ఈ మేడలో మిగతా ఇళ్ళోళ్ళు నన్ను గుమ్మం తొక్కనిస్తారేటి?"

శ్రీవల్లి ముఖం తిప్పుకుంది. "రేపట్నుంచి రాకు."

మర్నాడు తుడిచే దిక్కులేక చిట్టెమ్మే గుడ్డ పట్టుకుని కిటికీ దాకా దేక్కుంటూ వచ్చింది. కంటికి పాత్ర అంచు ఎదురుగా పడింది. అంచు చుట్టూ తెల్లగా పొక్కు కట్టి ఉంది. గోటితో గీకింది. నాలిక మీద పెట్టుకుంది.

ఉప్పు. నెత్తళ్ళకి ఉప్పు పట్టించి ఇసకలో ఆరబోసిన మనిషికి ఇంకొకరు చెప్పాలా ఆ రుచి. ఫినాయిల్లో ఉప్పుండదు.

అందరినీ అనుమానించిన ముండకి సొంత చేతి మీద అనుమానం రాలేదు. పాత్రని కుళాయి కింద పెట్టి, అడుగు కన్నాల్లోంచి కారే నీళ్ళు చప్పబడేదాకా మట్టిని కడిగింది. ఆఖరికి ఆ నీళ్ళు కూడా నాలిక్కి రాసుకునే చూసింది.

సాయంత్రం కోడలు చెప్పులు విప్పకముందే చిట్టెమ్మ అంది. "ఆ ధనలక్ష్మి గుంటని రమ్మను. నెత్తళ్ళ నీళ్ళు నానే పోసేను."

శ్రీవల్లి చెప్పులతోనే కిటికీ దాకా వెళ్ళి మొక్కని చూసింది. "ఏల పోసేవత్తా?"

"నువ్వు పెట్టట్లేదు గనక."

"మరి అది బకెట్ వంపిందన్నావు?"

"అన్నాను. సూళ్ళేదు."

"నాను రమ్మన్ను. దాని మీద సెప్పింది నువ్వు. నువ్వే ఎల్లి సెప్పు."

చిట్టెమ్మ కోడలి వంక ఎగాదిగా చూసి, కమ్మీ పట్టుకుని మెట్లు దిగింది. వెనక సందులో తన గుమ్మం ముందు ధనలక్ష్మి అంట్లు తోముకుంటోంది. చుట్టూ నలుగురు ఆడాళ్ళున్నారు. చిట్టెమ్మ గొంతు తగ్గించలేదు. చేపలు కేకేసి అమ్మిన గొంతు అది.

"ఒలే ధనలక్ష్మీ, సెట్టుకి ఉప్పునీళ్ళు పోసింది నాను. నువ్వు కాదు. రేపు పనికి రా."

ధనలక్ష్మి గిన్నె దించింది. "ఉప్పని ఎలా తెలిసింది మామ్మా?"

"నాకి సూసేను."

"అయితే నా బకెట్ నీళ్ళు కూడా నాకి సూసుంటే ఈ మాట నిన్ననే తేలిపోను."

ఆడాళ్ళు నవ్వారు. చిట్టెమ్మ ఆ మాట పడింది. పడాల్సిన మాటే.

ధనలక్ష్మి వచ్చింది. వచ్చింది మొదలు రోజూ తుడవడం కాగానే బకెట్ తెచ్చి ముసల్దాని ముక్కు కింద పెడుతుంది. "సూసుకో మామ్మా. దొడ్లో పోత్తన్నాను."

చిట్టెమ్మ తొంగి చూస్తుంది. ఆ పిల్ల వెళ్ళి పోసొచ్చేదాకా చెవి అటే పెడుతుంది. తరవాత మోడైన కొమ్మని గోటితో కొంచెం గీకుతుంది. బెరడు కింద ఇంకా పచ్చగానే ఉంది.