ప్రొఫెసరుగారి ఉంగరం

మెదడు ఆపరేషన్ల వార్డులోకి పొట్టి ప్రొఫెసరుగారు ఉరుకులు పరుగుల మీద వస్తే, వెనకాల వచ్చే కుర్ర డాక్టర్ల చూపంతా ఆయన మధ్యవేలి ఉంగరం మీదే. ప్రతి రోగి చేతికీ రెండు వేళ్లందించి "గట్టిగా నొక్కు" అంటారాయన. ఆ చేతికి బలం వచ్చిందనిపిస్తే, వేలు నలక్కుండా ముందే ఉంగరం తీసి జేబులో వేసుకుంటారు. తీయలేదంటే ఆ చెయ్యి ఇంకా లేవదన్నమాట. ఆయన అంచనా ఏనాడూ తప్పలేదు.

ఆ పొద్దున, ఆపరేషన్ తర్వాత కుడిచెయ్యి కదలని టైలరమ్మ దగ్గర ఆయన ఉంగరం తీయలేదు. కుర్ర డాక్టర్లు తలలు దించుకున్నారు. "ఏదీ, నొక్కు తల్లీ," అన్నారాయన మెల్లగా. టైలరమ్మ పళ్లు బిగించింది. "చచ్చాన్రోయ్!" అన్న ప్రొఫెసరుగారి కేకకు వార్డంతా ఉలిక్కిపడింది. "అయ్యో, నొప్పెట్టిందా సార్?" అంది టైలరమ్మ కంగారుగా. "నొప్పా? ప్రాణం లేచొచ్చింది తల్లీ! ఏదీ, ఇంకొక్కసారి," అంటూ మళ్లీ వేళ్లందించారు, ఈసారీ ఉంగరం తీయకుండానే.