రహమత్‌బీ పట్టిన సాన

ప్రొద్దుటూరులో మా వీధి ఆడవాళ్ళ వంటింటి కత్తుల జాతకాలన్నీ రహమత్‌బీకి తెలుసు. ఎవరు కొబ్బరి చిప్పను కత్తి మొనతో పెకలిస్తారో, ఎవరు నిమ్మకాయ కోసిన కత్తిని కడక్కుండా గూట్లో పడేస్తారో, కత్తిని ఒక్కసారి వెలుతురుకు ఎత్తి చూసి చెప్పేసేది. చెప్పి ఊరుకునేదా? తిట్టేది. నా పేరు సుధారాణి, జాకెట్లు కుడతాను. ఒకసారి నా కత్తెరతో అట్టముక్క కోసినందుకు వీధిలో పదిమంది ముందు నన్ను కడిగిపారేసింది. నేనూ తక్కువ తినలేదు, నాలుగు అనేశాను. మర్నాడు పొద్దున్నే వచ్చి ఆ కత్తెరకు ఊరికే సాన పట్టి ఇచ్చి పోయింది. అప్పటినుంచి ఆమెను అత్తా అని పిలుస్తున్నాను.

ఆమె మొగుడు మున్వర్ సాన మిషన్ భుజాన వేసుకుని ఊళ్ళు తిరిగేవాడు. కొయ్య చట్రం, దానికొక సైకిల్ చక్రం, కాలితో తొక్కే చెక్క, పైన గుండ్రటి సానరాయి, చక్రాన్నీ రాయినీ కలిపే తోలు పట్టా. అతను పోయిన నలభయ్యో రోజు దాటాక రహమత్‌బీ ఆ చట్రానికి రెండు చిన్న చక్రాలు బిగించుకుని తోసుకుంటూ వీధిలోకి దిగింది. ఆడమనిషి కత్తులు నూరడమేంటని నవ్వినవాళ్ళే తర్వాత ఆమె వచ్చేదాకా కత్తులు దాచిపెట్టుకోవడం మొదలుపెట్టారు. సోమవారం మా ఊరి గల్లీలు, మంగళవారం జమ్మలమడుగు, గురువారం పులివెందుల. ఇప్పుడు బస్సులో ఆడవాళ్ళకు టికెట్టు లేదు గాని, మిషన్ ఎక్కించేటప్పుడు కండక్టరుతో జగడం మాత్రం తప్పేది కాదు.

ఆమెకు కొన్ని పట్టింపులు ఉండేవి. కత్తిని చేతి నుంచి చేతికి అందుకోదు. నేల మీద పెట్టాలి, తను తీసుకోవాలి. చేతికిస్తే ఇచ్చినవాళ్ళకీ పుచ్చుకున్నవాళ్ళకీ జగడాలు వస్తాయని ఆమె నమ్మకం. మా ఇళ్ళల్లోనూ ఆ మాట ఉన్నదే. ఇంకొకటి, ఆమె మొద్దు కత్తిని చూస్తే ఊరుకోలేదు. ఆకలితో ఉన్న పిల్లను చూసినట్టు చూస్తుంది. ఆ గుణమే మా కొంప ముంచింది.

మొన్న ఎండలు ముదురుతున్నప్పుడు, ఒక శనివారం పొద్దున నా అంగట్లో కూర్చుని టీ తాగుతూ నవ్వడం మొదలుపెట్టింది.

"మొన్న బేస్తవారం పులివెందల్లో ఒక పిచ్చిది తగిలింది సుధమ్మా. చిన్నపిల్లే, ఇరవై ఐదు గూడా ఉండవు. రెండు కత్తులు తెచ్చి కిందపెట్టి, 'అత్తా, శానా పదును పెట్టొద్దు, మొద్దుగా ఉంటే సాలు' అనె. అదీ గుసగుసగా. ఇన్నేండ్లలో ఎవురూ అడగల్యా అట్ల."

"మరి ఏం చేసినావు?"

"ఏం చేస్తా? రాయి కత్తిని తినేస్తాదని కొంతమందికి భయం. అదే అనుకుంటి. మిషన్ మీద పెట్టకుండా చేతిరాయి మీద, నీళ్ళు చల్లుకుంటా, అర్ధగంట పడితి. కాగితం పట్టుకుంటే చాలు, తెగిపోతాది. మంచి ఉక్కు సుధమ్మా. వీపు మందంగా, పిడి చివరిదాకా ఇనుము దిగి ఉండాది. కత్తి కొంటే అట్లాంటిది కొనాల, రంగు పిడి చూసి కాదు. ఆ పిల్లకు అన్నీ చెప్తి. చెక్క మీదే తరుగు, బండ మీద వద్దు, కడిగినంక తుడిచి ఇంత ఆముదం రాయి, ఆరు నెల్లు పదును పోదు అని."

"సంతోషపడిందా?"

రహమత్‌బీ టీ గ్లాసు కింద పెట్టింది. "ల్యా. ఆరు నెల్లా అత్తా, అనె. మొగం పాలిపోయె."

నేను సూదిలో దారం ఎక్కిస్తున్నదాన్ని ఆగిపోయాను. ఆ కత్తులు ఎట్లా ఉన్నాయి, దేనికి మొద్దుబారాయి అని అడిగాను. ఎందుకడిగానో నాకే తెలియదు.

"అంచు చదునుగా అరిగిపోయి ఉండాది. ఎముక కొడితే అట్ల కాదు, పంటిగాట్ల మాదిరి పడతాది. ఇది బండకేసి అడ్డంగా రుద్దినట్ల... నేను అరిచినా గూడ. ఎవురే కత్తిని బండకు రుద్దింది అని. 'నేనే' అనె. కత్తిని ఎవురన్నా బండకు రుద్దుతారా, బుద్ధుండాదా అని వీధంతా ఇనేటట్ల అరిస్తి. ఆ పిల్లను బండి మీద ఎక్కించుకోనొచ్చినోడు, మరిదంట, ఆడ్నే పదడుగుల దూరంలో బండి మీద కూచోనుండె. తిరిగి చూసె."

అంతే. మా ఇద్దరికీ ఒకేసారి తెలిసిపోయింది. ఇంట్లో ఎవరి చేతిలోనో కత్తికి భయపడి ఆ పిల్ల కావాలనే కత్తులు మొద్దు చేసుకుంటోంది. కత్తి తెగడం లేదని ఇంట్లో ఎవరో కనిపెట్టి, సాన పట్టించుకు రమ్మని మరిదిని తోడిచ్చి పంపారు. ఆ పిల్ల తనకున్న ఒక్క దారిలో ప్రాణం కాపాడుకోబోతే, రహమత్‌బీ కాగితం తెగేటంత పదును పెట్టి ఇచ్చింది. పైగా బండకు రుద్దిన సంగతి మరిది చెవిన వేసింది.

"రెండు దినాలాయె," అంది రహమత్‌బీ. ఆమె గొంతు అట్లా పలకడం నేను ఎప్పుడూ వినలేదు. "నేను పోతా. నువ్వు గూడ రా సుధమ్మా."

నేను పోలేదు. పెళ్ళి జాకెట్లు ఆరు ఇవ్వాల్సి ఉందని చెప్పాను. ఉన్నమాట నిజమే, కానీ అవి సోమవారానికి. నాకు భయమేసింది, అదీ సంగతి. ఆమె ఒక్కసారి నా మొహంలోకి చూసింది. మిషన్ తోసుకుంటూ బస్టాండు వైపు వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

రహమత్‌బీ పులివెందులలో దిగేసరికి మధ్యాహ్నం పన్నెండు. ఆ పిల్ల పేరు తెలియదు, ఇల్లు తెలియదు. బండి ఏ వైపు పోయిందో అంతవరకే గుర్తు. ఎవరినైనా అడుగుదామంటే ఏమని అడగాలి? అడిగిన సంగతి ఆ ఇంటికి ముందే చేరితే? అందుకని తనకు చేతనైన పనే చేసింది. ఆ వైపు వీధుల్లో ఒక్కొక్క దాంట్లో మిషన్ తోసుకుంటూ కేక వేసింది. "కత్తులకు సాన... కత్తెర్లకు సాన..." తన వారం కాని రోజు, నడి ఎండలో. తలుపులు తెరిచి ఈ పూట వచ్చినావేంటని అడిగినవాళ్ళకు మళ్ళీ వస్తానంటూ తప్పించుకుంది. ప్రతి మలుపులోనూ ఏ ఇంటి ముందైనా జనం గుమిగూడి ఉంటారేమో, ఏడుపు వినిపిస్తుందేమో అని ఆగి ఆగి చూసుకుంటూ నడిచానని తర్వాత నాతో చెప్పింది.

నాలుగో వీధిలో ఒక ఇంటి తలుపు తెరుచుకుంది. ఆ పిల్ల రాలేదు. మొగవాడు వచ్చాడు, మొన్నటి మరిది కాదు. ముప్పై ఏళ్ళుంటాయి, ఇస్త్రీ చొక్కా, తల నున్నగా దువ్వుకున్నాడు.

"మొన్న సాన పట్టింది నువ్వేనా?" అన్నాడు.

"నేనే నాయనా."

"శానా బాగ పట్టినావు." నవ్వి, ముంజేయి చూపించాడు. అక్కడ అరచేయంత మేర వెంట్రుకలు ఆ కత్తితో గొరిగేసి ఉన్నాయి. "మా ఆడమనిషి బండకు రుద్దుతాందంట గదా. నువ్వే చెప్పినావంట. లేకుంటే నాకు తెలిసేదే కాదు."

లోపలికి తిరిగి "రజనీ, ఆ కత్తులు తే, మటన్ కత్తి గూడ" అన్నాడు. ఆ పిల్ల బయటికి వచ్చింది. నైటీ మీద టవలు కప్పుకుని ఉంది. ఎడమ చెంప కమిలి ఉంది. ప్రాణంతో ఉంది, రహమత్‌బీకి ఆ క్షణాన అది చాలు. రజని కత్తులు నేల మీద పెట్టబోతే అతను లాక్కుని, పెద్ద కత్తిని తనే రహమత్‌బీ ముందుకు చాచాడు, అంచు ఆమె వైపుకు ఉండేట్టు. "పట్టుకో ముసలమ్మా. ఏం, భయమా?"

ఆమె చేతికే తీసుకుంది. ముప్పై ఏళ్ళ పట్టింపు అక్కడ పోయింది.

మిషన్ ముందు కూర్చుని తొక్కడం మొదలుపెట్టింది. అతను గడపలో గొంతు కూర్చుని ఆమె చేతులనే చూస్తున్నాడు. ఇప్పుడు ఈ కత్తుల్ని మొద్దు చేసినా అక్కడికక్కడే చేతి మీద గీసి చూస్తాడు. ఎత్తుకుపోదామన్నా, ఏ అంగట్లోనైనా రేపు కొత్తది దొరుకుతుంది. ఆమె జీవితమంతా కత్తి బాగుందా లేదా అనే చూసింది. ఇంత భయంలో మొదటిసారి, కత్తిని ఏం చేసినా లాభం లేదని అర్థమైందట. తీసుకుపోవాల్సింది కత్తిని కాదు.

తను మొన్న పదును పెట్టిన చిన్న కత్తిని ఎత్తి చూస్తున్నట్టు చేసి, మోకాలి చాటున చక్రం పట్టాకు ఆనించింది. మందపాటి తోలు పట్టా కిక్కురుమనకుండా తెగి కింద పడింది.

"అల్లా! పట్టా తెగిపాయె. కొత్తది తెచ్చుకోవాల నాయనా. నాకు ఈ ఊర్లో అంగడి యాడుండాదో తెలీదు. ఆ పాపను తోడంపు, పది నిముషాల్లో వస్తాం. మిషన్ ఈడ్నే ఉంటాది, రోంత చూసుకుంటాండు. అది పోతే నా బతుకే పోతాది."

అతను మిషన్ వైపు చూశాడు. ఆమె వైపు చూశాడు. దాన్ని వదిలేసి ఏ ముసల్దీ ఎక్కడికీ పోదని ఎవరికైనా తెలుస్తుంది. "పదే నిముషాలు," అన్నాడు రజనితో.

ఇద్దరూ పరుగెత్తలేదు. వీధి మలుపు తిరిగేదాకా రహమత్‌బీ పట్టాల గురించి, తోలు గురించి గట్టిగా మాట్లాడుతూనే ఉంది. తిరిగాక రజని చేయి పట్టుకుని "ఇంటికి పోవద్దు, పద" అంది. ఆ పిల్ల ఎక్కడికని అడగలేదు, కాళ్ళకు చెప్పులు కూడా లేవు, నైటీ జేబులో ఫోన్ ఒక్కటే ఉంది. బస్టాండులో ప్రొద్దుటూరు బస్సు నిలబడి ఉంది, డ్రైవరు కింద టీ తాగుతున్నాడు. ఆ టీ అయిపోయేలోపు తను సగం చచ్చానని రహమత్‌బీ అంటుంది. ముద్దనూరు దాటేదాకా వెనక వచ్చే ప్రతి బండినీ లెక్క చూసుకుంటూ కూర్చున్నారు.

అట్లా రజని మా వీధికి వచ్చింది. తల్లి లేదు. అన్న ఉన్నాడు గాని, ఫోన్ చేస్తే సర్దుకుపొమ్మన్నాడు. మొగుడు రఘునాథ్ తాగినప్పుడు తిట్టడు, కొట్టడు. కత్తి తెచ్చుకుని మంచం మీద ఆమె పక్కన కూర్చుంటాడు, అంతే. ఒకసారి ఏమీ అనకుండా ఆమె జడ చివర కోసి చేతిలో పెట్టాడు. ఆ రోజునుంచే ఆమె కత్తులు బండకు రుద్దడం మొదలుపెట్టింది. చెంప మీది దెబ్బ మాత్రం రహమత్‌బీ అరిచిన రోజుది. ఇది చెప్పినప్పుడు రహమత్‌బీ గోడవైపు తిరిగి చాలాసేపు ఏడ్చింది.

స్టేషనుకు పోదామని నేనంటే రజని ఒప్పుకోలేదు. "పోతే నేను యాడుండానో తెలిసిపోతాది అక్కా" అని నా చేతులు పట్టుకుంది. నేనూ గట్టిగా అనలేదు. హుక్కులు కుట్టే పని ఇచ్చాను. రహమత్‌బీ మిషన్ లేకుండా, చేతిరాయి ఒకటి ముందు పెట్టుకుని మా అంగడి మెట్ల మీదే కూర్చోవడం మొదలుపెట్టింది. మనిషి మారిపోయింది. ఎవరి కత్తినీ తిట్టడం లేదు. వీధిలో బండి ఆగితే ముందు మనిషి చేతుల వైపు చూసి, తర్వాతే మొహం చూస్తుంది.

రెండు వారాల తర్వాత పులివెందుల నుంచి బంగారం కొనడానికి వచ్చిన ఒకామె రహమత్‌బీని గుర్తుపట్టింది. "నీ మిషన్ ఆ రఘునాథ్ వాకిట్లో ఉండాది. కొత్త పట్టా ఏసుకున్యాడు. దినామూ కూచోని తిప్పుతాండాడు," అంది.

ఆమె పోయాక రజనికి చెప్పాలా వద్దా అని రహమత్‌బీ నన్ను అడిగింది. చెప్పమన్నాను. చెప్పింది. రజని తల ఎత్తలేదు, హుక్కు కుడుతూనే ఉంది.

"తెలుసత్తా. వారం దినాలుగా ఫోన్ చేస్తాండాడు. ఏమీ మాట్లాడడు. ఆ చక్రం చప్పుడు ఒక నిముషం ఇనిపిచ్చి పెట్టేస్తాడు. చెప్తే మీరు భయపడి నన్ను పంపిచ్చేస్తారేమోనని చెప్పల్యా."

నేను కత్తెర అందుకుని గుడ్డ వైపు తిరిగాను. ఎందుకంటే పంపించేయాలన్న ఆలోచన ఆ బంగారం కొనే ఆమె మాట విన్నప్పుడే నాకు వచ్చింది.

అదే మధ్యాహ్నం ఫోన్ మోగింది. రజని చేతిలోంచి రహమత్‌బీ తీసుకుని ఎత్తింది. స్పీకరు నొక్కింది. అంగడంతా ఆ చప్పుడు నిండిపోయింది, సానరాయి మీద ఇనుము కీచుమని ఏడ్చే చప్పుడు. ఆమె మొహంలో రక్తం లేదు. కానీ చెవి మాత్రం ఆ పనిలో పండిన చెవి. "మటన్ కత్తి," అంది మెల్లగా. తర్వాత చెప్పులు తొడుక్కుని, నా వైపు చూసింది, ఆ శనివారం చూసినట్టే.

స్టేషనుకే అని రజనికీ తెలిసింది, ఈసారి తనే ముందు లేచింది. నేను అంగడి తలుపు వేశాను. ముగ్గురం వీధిలోకి వచ్చాం. రహమత్‌బీ ఫోన్ పెట్టేయలేదు, ఆ రోజు అతనూ పెట్టేయలేదు. రజని నా చేయి ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజు పగిలింది. కూరగాయల బండ్ల మధ్య నుంచి, స్కూలు పిల్లల మధ్య నుంచి, ఆ చప్పుడును మోసుకుంటూ స్టేషన్ దాకా నడిచాం. రహమత్‌బీ ఫోన్‌ను తీసుకెళ్ళి బల్ల మీద పెట్టింది. కానిస్టేబుల్ ఏంటమ్మా అది అని అడిగేసరికి కూడా చక్రం ఇంకా తిరుగుతూనే ఉంది.