పావంగుళం ఎక్కువ

ప్రొద్దుటూరులో బంగారం పని చేసేవాళ్లకు గురిగింజంత తేడా వచ్చినా నిద్ర పట్టదంటారు. షంషుద్దీన్‌ది ఇంజన్ల పని. పావంగుళం దగ్గర ఏముందిలే అనుకున్నాడు.

ఇరవై ఏళ్లు కువైట్‌లో అమెరికా కార్ల కింద పడుకుని లేచిన మనిషి. అవి కార్లా, ఏనుగులా! ఒక్కో ఇంజను ఐదారు లీటర్లది. ఇక చాలని తిరిగొచ్చి, జమ్మలమడుగు రోడ్డులో పాతకార్ల షెడ్డు తెరిచాడు. ఊళ్లో పాతకార్లు ఎన్నున్నాయి గనక? ఆటోవాళ్లు వచ్చి బండి చూడమంటే "నేను కార్లే చూస్తా" అని గడ్డం దువ్వుకునేవాడు. "గడ్డం దువ్వితే పొయ్యి వెలగదు" అని భార్య మహమూదా ఉర్దూలో చురక వేసేది.

ఆ షెడ్డుకు వచ్చిన మొదటి అసలైన పాతకారు వనజమ్మది. తెల్లటి స్టాండర్డ్ హెరాల్డ్, అరవైల నాటి చిన్న కారు. ఆమెది జమ్మలమడుగు. పులివెందుల అవతల చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఉంది. భర్త బతికున్నప్పుడు ఆ కారులోనే ఆమెకు డ్రైవింగ్ నేర్పాడు. ఆయన పోయాక కారు కొట్టంలో పడి ఉంది. ఇంజనుకు గాలీ పెట్రోలూ కలిపి అందించే పాత కార్బురేటర్ అరిగిపోయి పక్కల నుంచి గాలి పీలుస్తోంది. కారు అమ్మేసి తోట తనకు వదిలేయమని మరిది పోరుతున్నాడు. "వయసైన ఆడమనిషివి, యాడ తిరుగుతావు వదినా" అని, అదీ ప్రేమగానే. ప్రేమగా అడిగేవాళ్లకు లేదని చెప్పడం మరీ కష్టం.

"నాకు స్పీడు వద్దప్పా" అంది వనజమ్మ. "మెల్లగా పోయినా సరే, దావలో నిలబడిపోగూడదు. వారానికొకసారన్నా నేను పోయి చూడకుంటే ఆ తోట ఇంక నాది గాదు."

షంషుద్దీన్ విన్నట్టే తల ఊపాడు. మనసు మాత్రం ఇంట్లో పెట్టె దగ్గరుంది. కువైట్ నుంచి వస్తూ చొక్కాల మధ్య చుట్టి తెచ్చుకున్న జత కార్బురేటర్లున్నాయి అందులో. విమానాశ్రయంలో పెట్టె తెరిపిస్తే, మనవడి ఫోటో చూపించినట్టు చూపించాడట. గాలి పోయే వాటి గొంతు వెడల్పు ఒకటిన్నర అంగుళం. హెరాల్డ్ ఇంజను చూస్తే లీటరు కూడా నిండనిది. దానికి ఒకటింబావు అంగుళం జత చాలు. ఆ సంగతి షంషుద్దీన్‌కు తెలియక కాదు. పెద్ద గొంతయితే గాలి ఎక్కువ, గాలి ఎక్కువైతే బలం ఎక్కువ అని తనకు తానే నచ్చజెప్పుకున్నాడు. వాపు చూసి బలుపనుకోవడమంటే ఇదే.

బిగించాక బైపాస్ మీద ఒక్క తొక్కు తొక్కితే కారు గర్జించింది. పిట్ట కొంచెం, కూత ఘనం. మురిసిపోయి వనజమ్మకు అప్పగించాడు.

వారం తిరక్కముందే ఆమె ఫోన్ చేసింది.

"కారు కొనేటోళ్లు ఎవురన్నా ఉంటే చెప్పప్పా."

"ఏమైందక్కా?"

పులివెందుల దారిలో ఒక మిట్ట ఉంది. మిట్ట మొదట్లో స్పీడ్ బ్రేకర్, పక్కన టీ కొట్టు. గొర్రెలు అడ్డం వస్తే ఆమె బండిని బాగా నెమ్మది చేసి, మళ్లీ మెల్లగా ఎక్కించబోయింది. కారు ఉక్కిరిబిక్కిరై ఆగింది. మళ్లీ ఎక్కించబోతే మళ్లీ ఆగింది. వెనక బస్సువాడు హారన్ మోత. టీ కొట్టు దగ్గర ఎవరో "ఈ వయసులో ఇంట్లో కూచోగూడదామ్మా" అన్నారు. అందరూ నవ్వారు.

"బండిదేం తప్పు లేదప్పా. నా కాలే ఆడలేదు. ముసిలిదాన్నయిపోయినా" అంది వనజమ్మ.

షంషుద్దీన్‌కు ఆ క్షణంలోనే అర్థమైంది. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు గొంతు మరీ వెడల్పుగా ఉంటే గాలి మెల్లగా పోతుంది. గాలికి ఊపు లేకపోతే పెట్రోలును సరిగ్గా లాక్కుపోదు. బైపాస్ మీద ఉరికించినంత సేపూ ఏ లోపమూ బయటపడలేదు. నెమ్మదిగా నడిపే మనిషి దగ్గరే బయటపడింది. ఆ మాట చెప్పకుండా, "చూస్తాలే అక్కా" అని ఫోన్ పెట్టేశాడు.

టీ ఇస్తూ మహమూదా అడిగింది. "ఆయమ్మకు చెప్పినావా?"

"ఏం చెప్పాల? ఆయమ్మే తన కాలంటాంది."

"ఆ కాలు మంచిదేనని నీకు తెలుసు గదా?"

టీ గ్లాసు పక్కన పెట్టేశాడు. సిగ్గేసింది.

మర్నాడు జమ్మలమడుగు పోయి, "తప్పు నాదక్కా, నేను పెట్టినవి పెద్దవి" అన్నాడు. వనజమ్మ నమ్మలేదు.

"నన్ను ఓదార్చేదానికి చెప్తాండావులే. మా మరిది గూడా ఇంతే తియ్యగా మాట్లాడతాడు."

"అయితే రా. నువ్వు పక్కన కూచో, నేను నడుపుతా."

ఇద్దరూ ఆ మిట్ట దగ్గరికి వచ్చారు. గట్టిగా తొక్కితే కారు ఎక్కేస్తుంది, తన పరువు నిలుస్తుంది. షంషుద్దీన్ తొక్కలేదు. స్పీడ్ బ్రేకర్ దాటి, ఆమె ఎంత మెత్తగా తొక్కుతుందో అంత మెత్తగానే పాదం ఆనించాడు. కారు రెండు కుదుపులు కుదిపి ఆగింది. మళ్లీ స్టార్ట్ చేశాడు. మళ్లీ ఆగింది. వెనక లారీ హారన్.

"ఏం మామా, నువ్వు గూడా ఇంట్లో కూచోగూడదా?" టీ కొట్టు నుంచి కేక వచ్చింది. నవ్వులు. షంషుద్దీన్ చెవులు కాలిపోయాయి.

వనజమ్మ రోడ్డు చూడటం లేదు, అతని పాదాన్నే చూస్తోంది.

"అంటే, నా కాలు గాదా?"

"గాదక్కా. నా పొగరు."

ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

ఒకటింబావు జత చెన్నై నుంచి పార్సిల్‌లో వచ్చింది. షంషుద్దీన్ పెట్రోలు కొలిచి వదిలే వాటి సూదులు మార్చి మార్చి, ఈసారి బైపాస్ వైపు పోకుండా, సంత జనంలో నత్తనడకన తిప్పి చూశాడు.

"చప్పుడు తగ్గిందేందప్పా?" అంది వనజమ్మ.

"చప్పుడుతో తోటకు నీళ్లు పారవులే అక్కా."

ఆ ఆదివారం ఆమె నడిపింది, షంషుద్దీన్ పక్కన కూర్చున్నాడు. మిట్ట మధ్యలో తనే కావాలని బ్రేకు వేసింది. అతను సీటు అంచు పట్టుకున్నాడు. ఆమె మెత్తగా పాదం ఆనించింది. కారు ఊగకుండా, అరవకుండా ఎక్కేసింది.

తోటలో చీనీకాయలు కోయిస్తుండగా మరిది ఫోన్ వచ్చింది.

"కారు కొనేటోళ్లను పిల్చుకొచ్చినా వదినా. కొట్టంలో కారు లేదే, యాడుంది?"

"నా దగ్గరే ఉండాదప్పా, తోటలో" అంది వనజమ్మ. "సాయంత్రం గానీ రాను. వాళ్లకు కాఫీ తాపిచ్చి పంపించు."