ఫోటోలో పడని మోచెయ్యి

బళ్ళారిలో ఎముకల డాక్టరుగారు పోయారు. అక్కడ టీచరు ట్రైనింగు చదువుతున్న నా కూతురు ఆదివారం మొదటి బస్సుకే కంప్లికి వచ్చి ఈ మాట చెప్పింది. చెప్పి, కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. ఆ చెయ్యి ఆయన చేతుల్లోనే చెడింది, ఆయన చేతుల్లోనే బాగైంది. రెండూ చెప్పకపోతే ఆయన్ని తలుచుకున్నట్టు కాదు.

బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసిన కొత్తలో జరిగిన సంగతి ఇది. పిల్లకు ఏడేళ్లు. ఎమ్మిగనూరులో చెరకు బండి మీదనుంచి పడింది. ముంజేతిలో చిటికెనవేలు వైపు ఎముక విరిగింది. డాక్టరుగారు ఎక్స్‌రే తీయించి పిండికట్టు వేశారు. ఆరు వారాలకు విప్పితే ఎముక అతుక్కుంది గాని మోచెయ్యి వంగలేదు.

"బిగుసుకోనుంటాది టీచరమ్మా, వాడుతాంటే సడలుతాది" అన్నారు.

మూడు నెలలైనా అన్నం ముద్ద నోటిదాకా రాలేదు. పిల్ల ఎడమచేత్తో తింటుంటే మా అత్త కసిరేది. నేను పాఠాలు చెప్పే బడిలో అక్షరాలు దిద్దే పిల్లల చేతులు చూసి మొహం తిప్పుకొనేదాన్ని.

మళ్ళీ వెళ్ళాం. కొత్తగా ఎక్స్‌రే ఫోటో తీయించారు. పాతదీ కొత్తదీ కిటికీ వెలుతురుకు పట్టి నిలబడ్డారు. రెండింటినీ మార్చి మార్చి చూశారు.

"పాత ఫోటోలో మోచెయ్యే పడలేదమ్మా" అన్నారు చివరికి. "పక్క ఎముక తల, మోచేతి దగ్గరిది, ఆ పొద్దే కీలు తప్పింది. నేను చూసుకోలేదు. తప్పు నాది."

కోపం రావలసింది. భయమే వచ్చింది. "ఇప్పుడేం చేయాల సార్?" అన్నాను.

కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. "ఊరకే వదిలితే పెరిగేకొద్దీ ఇంకా చెడిపోతాది. ఆ తలను కీలులోకి నూకి ఉక్కు తీగ గుచ్చొచ్చు. తీగ తీసినాక మళ్ళా జారొచ్చు. మూడోది, వంకరగా అతికిన ఎముకను కోసి, సరిచేసి, ఉక్కు పట్టీ పెట్టి స్క్రూలు బిగించాల. అప్పుడు తల దాని తావుకు వస్తాది. మళ్ళా జారకుండా కండ మీది పొరను సన్నంగా చీల్చి ఆ తల కింద మెడకు చుట్టాల. నేనైతే ఇదే చేస్తా."

"ముందెప్పుడన్నా చేసినారా?"

"రెండు చేసినా. ఒకటి నిలిచింది. ఒకటి జారింది. మద్రాసుకు పోతానంటే జాబు రాసిస్తా. నేను తప్పు చేసింది కూడా అందులో రాస్తా."

అక్కడికక్కడే ఇంగ్లీషులో రాసి, నాకు తెలుగులో చదివి వినిపించారు. ఏదీ దాచలేదు. ఆ జాబు పట్టుకొని బయట బెంచీ మీద కాసేపు కూర్చున్నాను. లేచి లోపలికి వెళ్ళి, "మీరే చేయండి" అన్నాను.

ఆపరేషనుకు పొద్దున ఎనిమిదికి తీసుకెళ్ళారు. పదకొండు దాటినా తలుపు తెరుచుకోలేదు. మత్తు దిగాక ఆయన వంగి, "వేళ్ళెత్తు పాపా" అన్నారు. పిల్ల ఎత్తలేకపోయింది. ఆయన మొహం పాలిపోయింది.

"నరం తెగలేదు, కంటితో చూసినా. నలిగుంటాది. లేస్తాయని మాత్రం ఈ పొద్దు మాట ఇయ్యలేను."

రోజూ మిగతా రోగుల కంటే ముందు మా మంచం దగ్గరికే వచ్చేవారు. స్టూలు మీద కూర్చొని, "ఎత్తు పాపా" అనేవారు. వేళ్ళు అలాగే వాలి ఉండేవి. మూడో వారంలో ఒక పొద్దున బొటనవేలు లేచింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ బయటికి వెళ్ళిపోయారు.

మిగతా వేళ్ళూ ఒక్కొక్కటే లేచాయి. కట్టు విప్పాక ముద్ద నోటికి అందింది. నేను దండం పెట్టబోతే, "నయమైందనొద్దు టీచరమ్మా, పనికొచ్చిందను" అన్నారు. ఇప్పటికీ ఆ చెయ్యి పూర్తిగా సాగదు. కాని ఆ చేత్తోనే నా కూతురు నల్లబల్ల మీద రాస్తోంది. ఆ తర్వాత మోచెయ్యి పడని ముంజేతి ఫోటోను ఆయన ఒక్కటి కూడా ఒప్పుకోలేదని అక్కడి కాంపౌండరు చెప్పేవాడు.

పోయిన వేసవిలో ఆయన్ని చూడ్డానికి వెళ్ళాం. చేతులు వణుకుతున్నాయని పని మానుకున్నారు. వాళ్ళింటి వరండాలో ఎవరో చిన్నపిల్ల, ఆస్పత్రిలో అప్పుడే కట్టు విప్పిన చెయ్యి గుండెకు ఆనించుకొని భయంగా నిలబడి ఉంది. ఆయన ఆ పిల్లని ముట్టుకోలేదు. తన రెండు చేతులూ ముందుకు చాచి, అరచేతులు పైకి తిప్పి, ఇలా చాచమన్నట్టు అలాగే కూర్చున్నారు. వణుకుతున్న ఆ చేతులనే చూస్తూ, పిల్ల మెల్లగా తన చేతులు చాచింది.