చూడకుండా అందుకునే చెయ్యి

కోవిడ్ ఉధృతి తగ్గిన ఏడాది అక్టోబర్ నాటికి నేను క్రోయిడన్‌లోని ఒక ఆసుపత్రిలో థియేటర్ సిస్టర్‌ని. బ్యాండ్ సెవెన్, అంటే ఆ ఆపరేషన్ గదిలో నర్సులందరికీ పెద్దను. డ్యూటీల పట్టిక ప్రకారం మంగళవారాలు మిస్ ఒలాబిసి గారి లిస్ట్ నాది. ఒక సర్జన్ ఆ రోజు చేసే ఆపరేషన్ల వరసను లిస్ట్ అంటారు. తొమ్మిదేళ్లుగా ఆ మంగళవారాలను నేనెవరికీ ఇవ్వలేదు. ఒక్కరోజు సెలవు కావలసి వచ్చినా ఆ రోజు తప్పించి పెట్టుకునేదాన్ని.

బ్రిటన్‌లో సర్జన్‌ని డాక్టర్ అనరు, మిస్టర్ అనో మిస్ అనో అంటారు. ఈ మిస్ వెనక ముప్పయ్యేళ్ల కష్టం ఉంది. నైజీరియాలోని ఇబాదాన్‌లో చదివి, అక్కడి మిషన్ ఆసుపత్రిలో కరెంటు పోతే టార్చి వెలుగులో కుట్లు వేసి, ఇక్కడికొచ్చాక పరీక్షలన్నీ మళ్లీ మొదటి నుంచి రాశారు. కన్సల్టెంట్, అంటే సీనియర్ సర్జన్ పోస్టుకు రెండుసార్లు కాదంటే మూడోసారి వెళ్లారు. మా ఆసుపత్రిలో ఆ హోదా అందుకున్న మొదటి నైజీరియన్ మహిళ ఆవిడే. బాపట్ల నుంచి వచ్చి బ్యాండ్ ఫైవ్‌లో, అంటే కింది మెట్టు మీదే, ఏళ్ల తరబడి ఉండిపోయిన నన్ను సిస్టర్ పోస్టుకు అప్లై చెయ్యమని దబాయించిందీ ఆవిడే.

ఆవిడ చేసేది థైరాయిడ్ సర్జరీ. ఆ గ్రంథి పక్కనే మాటను నడిపే నరం ఉంటుంది, దారప్పోగంత సన్నం. అది దెబ్బతింటే గొంతు పోతుంది. అందుకే సర్జన్ గాయం మీంచి చూపు తిప్పరు. చెయ్యి చాపుతారు. పరికరాలు అందించే స్క్రబ్ నర్సు అడిగినదాన్ని అరచేతిలో గట్టిగా తగిలేలా పెడుతుంది, వేళ్లు వాటంతటవే మూసుకుంటాయి. మిస్ అడగక ముందే నేను అందిస్తానని థియేటర్లో చెప్పుకునేవారు. అది నా తలకెక్కిందనే చెప్పాలి.

ఆ నెల మొదట్లో, తొలిసారి ఆ మంగళవారాలు వదులుకుని, తమ్ముడి కూతురి పెళ్లికి రెండు వారాలు ఇండియా వెళ్లాను. తిరిగొచ్చిన రోజు కాఫీ రూమ్‌లో ప్రసన్న నా పక్కన వచ్చి కూర్చుంది. వరంగల్ అమ్మాయి, ఆ రెండు మంగళవారాలూ నా బదులు నిలబడింది. మొహం వాడిపోయి ఉంది.

“ఆంటీ, మేడం చేతుల ఫోర్సెప్స్ పెట్టిన, పట్టుకోలే. కింద పడ్డది. రెండోసారి గూడ గట్లనే అయింది. మీరున్నప్పుడు ఎన్నడు గిట్ల కాలేదంట. నేనే సక్కగ ఇస్తలేనేమో.”

“నీకింకా అలవాటు కాలేదులే అమ్మా,” అన్నాను. ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మర్నాడు మంగళవారం. అన్నీ చిన్న కేసులే. ప్రసన్న మాట చెవిలో ఉండబట్టి కాబోలు, నా చేతుల్ని నేను గమనించుకున్నాను. పరికరం మిస్ అరచేతిలో పెట్టి వదిలెయ్యడం లేదు. ఆవిడ వేళ్లు పూర్తిగా మూసుకునేదాకా పట్టుకుని, అప్పుడు వదులుతున్నాను. కుట్లు వేసే నీడిల్ హోల్డర్‌ని కూడా ఆవిడ తిప్పుకునే పని లేకుండా ముందే తిప్పి ఇస్తున్నాను. ఎప్పటి నుంచి? ఆలోచిస్తూ పోతే వేసవి దాకా వెళ్లింది. ఆవిడ వేళ్లలో స్పర్శ తగ్గుతోంది, ఆ లోటును నా చేతులు పూడ్చేస్తున్నాయి.

వచ్చే మంగళవారం లిస్ట్‌లో మొదటి పేరు ఒక స్కూలు టీచరుది. గొంతే ఆమె బతుకుతెరువు. అదే వారం శుక్రవారం మిస్‌కి మెడికల్ డైరెక్టర్ ఇంటర్వ్యూ. ఆసుపత్రి డాక్టర్లందరి మీదా అధికారం ఉండే పదవి అది. ఇలాంటి అనుమానాలు పేరు లేకుండా తెలియజేసే ఫారం ఒకటుంది. కంప్యూటర్లో రెండుసార్లు తెరిచి మూసేశాను. నేను పొరబడితే ఆవిడ ముప్పయ్యేళ్లూ నా అనుమానానికి బలి. పొరబడకపోతే? ఆ టీచరు మత్తు దిగాక నోరు తెరిస్తే మాట రాకపోతే? ఆ వారమంతా అన్నం సయించలేదు. ట్రామ్‌లో కూర్చుని రెండుసార్లు దిగాల్సిన స్టాప్ దాటిపోయాను.

సోమవారం పొద్దున్నే ఆవిడ గదికి వెళ్లాను. నిలబడే చెప్పాను. కుడి చేతి వేళ్లలో స్పర్శ సరిగా లేదని నా అనుమానమనీ, వేసవి నుంచీ ఇలా ఉందనుకుంటున్నాననీ.

“ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు, సునందా?” అన్నారు.

“నాకు తెలీదు మిస్. నా చేతులకే తెలుసు.”

ఆవిడ కంప్యూటర్ తెరను నా వైపు తిప్పారు. ప్రసన్నకు పరికరాలు అందించడం రాదనీ, తన లిస్ట్ నుంచి తప్పించమనీ రాసిన మెయిల్. ఇంకా పంపలేదు. నా ఎదురుగానే దాన్ని తుడిచేశారు. ఫోన్ తీసి, మర్నాటి లిస్ట్‌కి ఇంకో సర్జన్‌ని అడిగారు. వేసవి నుంచి మేమిద్దరం చేసిన కేసులన్నీ బయటివాళ్ల చేత తనిఖీ చేయించమని ఆసుపత్రి అధికారులకు అప్పటికప్పుడే రాశారు.

మెడలో నరం నలుగుతోందని స్కాన్‌లో తేలింది. వైద్యం జరిగినా స్పర్శ పూర్తిగా తిరిగి రాలేదు. ఆవిడ మళ్లీ కత్తి పట్టలేదు. ఆ శుక్రవారం ఇంటర్వ్యూలో చేతి సంగతి తనే ముందు చెప్పేశారు, పదవి వేరేవాళ్లకు పోయింది. తర్వాత మళ్లీ ఖాళీ వచ్చినప్పుడు దక్కింది. మెడికల్ డైరెక్టర్‌గా ఆవిడ మొదటి ఉత్తర్వు, ఏ స్క్రబ్ నర్సూ ఒకే సర్జన్ దగ్గర మూడు నెలలకు మించి ఉండకూడదని. ఆ లెక్కన నన్నూ ఎముకల ఆపరేషన్ల థియేటర్‌కి మార్చారు. సుత్తులు, రంపాలు అందిస్తూ నెల్లాళ్లు ఆవిడను తిట్టుకున్నాను, దాచను.

టీచరు ఆపరేషన్ ఇంకొకరు చేశారు, పరికరాలు అందించింది ప్రసన్నే. పాత కేసుల తనిఖీకి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ థియేటర్లో ఫోన్ మోగితే చాలు, ఎవరికో గొంతు పోయిందని చెప్పడానికే అనుకునేదాన్ని. చివరికి ఎవరికీ హాని జరగలేదని తేలింది.

రిటైరయ్యాక ఈ సంగతి చెబితే, నా నేర్పే ఆ పేషెంట్లను కాపాడిందని కొందరు మెచ్చుకుంటారు. నేను ఒప్పుకోను. వాళ్లను కాపాడింది అదృష్టం. నా నేర్పు చేసిందల్లా, నాలుగు నెలల పాటు ఆ సంగతి ఎవరికీ తెలియకుండా చూడడమే.