ముఖ్యంగా నాకు చెప్పొద్దన్న మాట

తుర్కపల్లి ల్యాబులో చేరినప్పుడు నాకు ఇంకా ముప్పై నిండలేదు. రెండు వేల సంవత్సరం దాటి కొన్నేళ్లయింది. వయసు మీదపడేకొద్దీ మెదడు ఎలా మారుతుంది, మరుపు జబ్బు ఎక్కడ మొదలవుతుంది అన్నది అక్కడి పరిశోధన. కంపెనీ బండిలో శామీర్‌పేట, తూంకుంట ఇళ్లకు వెళ్లి పెద్దవాళ్లతో మాట్లాడి, ఒప్పుకున్నవాళ్లను ల్యాబుకు తీసుకురావడం నా పని. అక్కడ వాళ్లకు జ్ఞాపకశక్తి పరీక్ష పెట్టి, రక్తం తీసుకునేవాళ్లం. ఫలితాలు మాత్రం ఎవరికీ చెప్పబోమని ముందే సంతకం తీసుకుని, ఏటా మళ్లీ పిలిచేవాళ్లం.

పెద్ద సారు మొదట్లోనే మాకు చెప్పారు. "మరుపు బయటికి కనబడేసరికే మెదడులో చాలా నష్టం జరిగిపోయి ఉంటుంది. అంతకు ఏళ్ల ముందే దాని జాడ రక్తంలో దొరుకుతుందేమో చూడాలి." ఆ మాట నాకు బాగా నచ్చింది. ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను.

అమ్మ మేడ్చల్‌లో మా ఇంటి ముందు గదిలో జాకెట్లు కుట్టేది. ఆదివారం చర్చిలో ఏ వరసలో చూసినా ఆమె కుట్టిన జాకెట్టు ఒకటి కనబడేది. వాళ్లమ్మ చివరికి కన్నబిడ్డలను కూడా గుర్తుపట్టలేకపోయింది. ఆ భయం అమ్మకు ఎప్పుడూ ఉండేది.

"నన్ను గూడ తోల్కపో బిడ్డా," అంది. "మా అమ్మ లెక్క నాకూ అయితదేమో, ముందుగాల తెలుస్తే మంచిదే గదా."

సొంతవాళ్లను మేం పరీక్షించకూడదు. అందుకని అమ్మకు పరీక్ష పెట్టింది నా స్నేహితురాలు. శామీర్‌పేట అమ్మాయి. నాకంటే చిన్నది, అక్కా అని పిలిచేది. బండిలో రోజూ నా పక్కనే కూర్చునేది. అమ్మ కోడికూర వండితే ఆమె కోసం వేరే డబ్బా కట్టేది. ఆమె పెళ్లి జాకెట్టు కుట్టింది కూడా అమ్మే.

ఆ సాయంత్రం బండిలో, అడగకూడదని తెలిసే అడిగాను. "అమ్మ ఎట్ల చేసింది?"

ఆమె కిటికీ బయటికి చూస్తూ, "మంచిగనే చేసింది అక్కా. మస్తు ముచ్చట్లు చెప్పింది," అంది.

అదే మాట అమ్మకు చెప్పాను. "దేవునికి స్తోత్రం," అని మళ్లీ మిషన్ మీద కూర్చుంది.

అంతకుముందు తూంకుంటలో ఒక ముసలాయన తన కొడుకుల పేర్లు చెప్పలేక తడబడితే, డాక్టరుకు చూపించమని నేను ఆయన కోడలి చెవిన వేశాను. అది తెలిసి సారు అందరి ముందూ నన్ను మందలించారు. మనం చూడడానికి వచ్చాం, వైద్యం చేయడానికి కాదన్నారు.

అమ్మను తర్వాతి ఏడూ పిలిచారు, ఆ మరుసటి ఏడూ పిలిచారు. ఆమె వస్తే సారు కుర్చీలోంచి లేచి, "రండమ్మా" అనేవారు. మా అమ్మంటే ఎంత మర్యాదో అని పొంగిపోయేదాన్ని.

ఈలోగా ఇంట్లో ఒక్కొక్కటే తప్పుతూ వచ్చింది. జాకెట్టుకు ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి. ఒకరి కొలతలకు ఇంకొకరి గుడ్డ కత్తిరించేది. పాతికేళ్లుగా వచ్చేవాళ్లు కూడా వేరే చోటికి పోయారు. నాయిన విసుక్కునేవాడు. "ధ్యాస ఏడ వెట్టి కుడుతున్నవే?" అమ్మ తలవంచుకుని కుట్లు విప్పుకునేది. చూపు తగ్గిందేమోనని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. కొంచెం శుక్లం ఉందన్నాడు. ఆపరేషన్ చేయించాం. తప్పులు తగ్గలేదు. మరుపు జబ్బేమోనన్న అనుమానం నాకు రాకపోలేదు. కానీ మా ల్యాబులోనే ఏటా చూస్తున్నారు కదా, అక్కడ తెలియనిది ఇంకెక్కడ తెలుస్తుంది అనుకున్నాను.

ఒక ఆదివారం చర్చికని బయల్దేరిన అమ్మ కండ్లకోయ దాటి రోడ్డు పక్కన కూర్చుని దొరికింది. అప్పుడు పట్నంలో పెద్ద దవాఖానకు తీసుకెళ్లాం. అల్జీమర్స్ అన్నారు. మొదలై చాలా ఏళ్లయి ఉంటుందన్నారు.

మర్నాడు అన్నం తినే వేళ నా స్నేహితురాలికి చెప్పాను. ఆమె డబ్బా మూసేసి ఏడ్చింది.

"నాకు ముందే తెలుసక్కా."

"ఎప్పటిసంది?"

"మొదటిసారే. నేను చెప్పిన మాటలు కాసేపయినంక ఒక్కటి గూడ చెప్పలే. గడియారం గియ్యమంటే అంకెలన్నీ ఒక్క దిక్కే రాసింది. సార్‌కు చెప్పిన. ఎవ్వలకు చెప్పొద్దన్నడు. ముఖ్యంగా నీకు."

"నాకే ఎందుకు?"

"తూంకుంట ముసలాయన కోడలికి చెప్పినవ్ గదా. నీకు తెలుస్తే అమ్మకు మందులు మొదలువెడతవట. గప్పుడు మన పరీక్ష ఖరాబైతదన్నడు."

"మరి నేనడిగితే మంచిగనే చేసిందన్నవ్."

"నౌకరీ పోతదని భయపడ్డ అక్కా."

చెప్పకపోవడం వేరు. నా పక్కన కూర్చుని, అమ్మ వండింది తింటూ, మంచిగనే చేసిందని చెప్పడం వేరు. ఆమెకు ఆ తేడా తెలియదని నేను అనుకోను.

సారు గదికి వెళ్లాను. ఆయన దాచలేదు.

"ఫలితాలు చెప్పబోమంటే ముందే ఒప్పుకున్నారు కదా. అయినా చెబితే ఏం చేసేవారు? దీన్ని నయం చేసే మందు లేదు."

"కంటి ఆపరేషన్ చేయించేటోళ్లం కాదు సార్. మా నాయిన ఆమెను తిట్టేటోడు కాదు. తెలుసుకోవాలనే ఆమె మీ దగ్గరికి వచ్చింది."

"జబ్బు మొదటి నుంచీ మన కళ్ల ముందే ముదిరిన మనిషి దొరకడం ఎంత అరుదో నీకూ తెలుసు," అన్నారు. ఓదార్పుగానే అన్నారేమో. ఆయన కుర్చీలోంచి ఎందుకు లేచేవారో నాకు అప్పుడు అర్థమైంది. ఆ రోజే ఉద్యోగం మానేశాను.

జరిగింది నాయినకు చెప్పాను. కుట్టు మిషన్ ముందు చాలాసేపు కూర్చున్నాడు. ఆ తర్వాత అమ్మ జడ ఆయనే వేసేవాడు.

కొన్నేళ్లకు, అమ్మ మంచం దిగలేని స్థితిలో ఉండగా, నా స్నేహితురాలు జామపండ్లు పట్టుకుని ఇంటికొచ్చింది. అమ్మ ఆమె చెయ్యి పట్టుకుని "చెల్లె" అంది. ఆమె జాకెట్టు చేతి కుట్టును వేలితో తడిమి చూసింది. అది చూసి నా మనసు కరిగింది. చాయ్ పెట్టి ఇచ్చాను.

ఆమె కప్పు చేతిలో పట్టుకుని, "సార్ ఒక మాట అడగమన్నడక్కా," అంది. "అమ్మ పోయినంక మెదడు ఇస్తరా అని. రక్తంల మనం చూసింది నిజమో కాదో గట్లయితేనే తెలుస్తదట."

గుమ్మంలో ఉన్న నాయిన విన్నాడు.

"ఆమె చెవుల పడుతది. బయటికొచ్చి మాట్లాడు బిడ్డా," అన్నాడు.

వాకిట్లో నిలబడి నెమ్మదిగానే చెప్పాడు. "ఇచ్చేది లేదని చెప్పు. ఇగ నువ్వు గూడ రాకు."

ఆమె వెళ్లిపోయింది. ఆ వానాకాలమే అమ్మ చనిపోయింది. మేడ్చల్‌లోనే సమాధి చేశాం.

ఇప్పుడు మరుపు జబ్బును రక్తపరీక్షతో ముందే పసిగట్టవచ్చని పేపర్లో వస్తే చివరిదాకా చదువుతాను. అమ్మలాంటివాళ్లు ఎందరో రక్తం ఇస్తేనే అది తెలిసిందని నాకు తెలుసు. ఉన్నదున్నట్టు చెప్పి, ఆమెకు తెలివి ఉన్నప్పుడే అడిగి ఉంటే, అమ్మ మెదడు కూడా ఇచ్చేదేమో. ఆమె మనసు అలాంటిది. ఈ మాట నేను నాయినతో ఎన్నడూ అనలేదు.